వడ్డించువారు లేని విందు



గడచిన మాసమున మా అత్తగారికి డెబ్బదియవ యేడు నిండినది. కాపురమునకు వచ్చిన నాటినుండియు వారు ఒకరికి వడ్డించుటయే గాని, ఒకరు వడ్డింపగా వేడివేడిగా భుజించిన దినములు వ్రేళ్లపై లెక్కింపదగినవి. ఈ సంగతి తలచుకొని మా వారు, "ఈ యొక్క పూటయైనను అమ్మ రాణివలె కూర్చుండి తినవలెను" అనిరి. ఉపాధ్యాయుని జీతములో నాలుగు నెలలు కొంచెము కొంచెముగా మిగిల్చి, అత్తగారిని, పిల్లలిద్దఱిని వెంటబెట్టుకొని, మహానగరమునకు వెలుపల నున్న యొక వినోదోద్యానమునకు పోయితిమి. అందు పూర్వరాజుల కొలువుకూటమువలె కట్టిన భోజనశాల యొకటి గలదు. దాని పేరు చెప్పము. మేము వ్రాయదలచినది ఆ యొక్క శాలను గూర్చియే కాదు.

ఇట్టి యుద్యానములు లోకమునకు క్రొత్తవి కావు. డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హాగెనులో టివోలి యను వినోదవనము 1843లో తెఱవబడి నేటికిని నడచుచున్నది. 1955లో వాల్టు డిస్నీ కాలిఫోర్నియాలో డిస్నీల్యాండును నెలకొల్పిన పిదప, ఉద్యానమునంతయు కథలుగా అమర్చు పద్ధతి దేశదేశముల వ్యాపించినది. అచ్చటనే 1967లో ఒక భోజనశాలను ఓడదొంగల కథను జూపు పడవవిహారము ప్రక్కనే, ఒకే కప్పు క్రింద నిర్మించి, పట్టపగలు సైతము వెన్నెలరేయివలె దోచునట్లు చేసిరి. కంటికి విందుసేయు నీ విద్యను మేము ఆక్షేపింపము. కన్ను తృప్తిపడిన పిమ్మట నాలుకను మఱచుటయే మా ఫిర్యాదు.

ఆ సాయంకాలము ద్వారమున తలపాగాలు చుట్టిన పిల్లవాండ్రు వంగి నమస్కరించిరి. స్తంభములు, దీపములు, సున్నపు టేనుగులు చూచి పిల్లలు గంతులు వేసిరి. అత్తగారు తమ పట్టుచీర కుచ్చెళ్లు సవరించుకొని, ఎత్తైన పీఠముపై కూర్చుండి, "ఎంత బాగున్నదే అమ్మాయీ!" అనిరి. అంతవఱకు మా ఖర్చు సార్థకమైనదనియే తలచితిమి.

కొంతసేపు కూర్చుండిన పిదప తెలిసినది, అచ్చట వడ్డించువారు లేరని. ఎవరి పళ్లెము వారే పట్టుకొని వరుసలో నిలిచి తెచ్చుకొనవలెనట. మోకాళ్లనొప్పితో కఱ్ఱ ఊతగా నడచు వృద్ధురాలు ఆ వరుసలో ఎట్లు నిలుచును? మేమే తెచ్చిపెట్టితిమి. నలువది రకముల వంటకముల ముందు అందమైన పేరుపలకలు నిలిపినారు గాని, పులిహోర గట్టిపడి యున్నది. గారెలు మూత క్రింది యావిరికి మెత్తబడి సాగుచున్నవి. గుత్తివంకాయ చల్లాఱి నూనె తేలినది. పప్పు పైన తెట్టె కట్టినది. నెయ్యి పేరుకొనినది. అత్తగారు నాలుగు ముద్దలు పెరుగన్నము తిని, మా వారి ముఖము చూచి, "అన్నియు బాగున్నవి నాయనా" అనిరి. అది అబద్ధమని మాకు తెలియును.

మేము లేచి పాత్రలను పరికించితిమి. ఇట్టి పాత్రల అడుగున నీరు పోసి, దాని క్రింద చిన్న డబ్బాలో మంట నుంతురు. ఆ నీటియావిరి పై వంటకమును వెచ్చగా నుంచును. వరుసగా రెండు పాత్రల క్రింద మంట ఆఱియున్నది. ఇది రుచికి మాత్రమే సంబంధించిన లోపము కాదు. వండిన యన్నమును వడ్డించువఱకు 60 డిగ్రీల సెల్సియసుకు మించిన వేడిలో నుంచవలెననియు, బయటి గాలిలో రెండు గంటలకు మించి యుంచరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది. పెండ్లిపందిళ్లలో సైతము సోదరీమణులు ఈ మంటను ఒకమాఱు వంగి చూడవలెను.

శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని యాతిథ్యమును ఋతువులవారీగా వర్ణించినాడు. వానకాలమున వేపుడు కూరలు, వడియములు, వరుగులు. ఎండకాలమున గోరువెచ్చని యన్నము, చారు, మజ్జిగ, చెఱకురసము. చలికాలమున మిరియము తగిలిన కూరలు, ఆవపెట్టిన పచ్చళ్లు, కాగిన నెయ్యి, పాలు. వచ్చినవాడెవడు, వాని కిప్పుడేమి కావలెను అని యోచించుటయే అందలి మర్యాద. ఆ కొలువుకూటములో రాజులకాలపు గోడలు దొరకినవి గాని, ఈ యోచన దొరకలేదు.

లెక్కకాగితము వచ్చినది. భోజనమునకు 6,600 రూపాయలు, సేవారుసుము 660 రూపాయలు, పన్ను వేఱు. మా వారు సిగ్గుపడి చెల్లింపబోయిరి. మేము వారించితిమి. సేవారుసుమును భోజనశాలలు తమంతట తాము లెక్కలో చేర్పరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4వ తేదీన నిర్దేశించినది. 2025 మార్చిలో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము దానిని సమర్థించినది. ఈ మాట నెమ్మదిగా చెప్పగానే అధికారి మాఱు పలుకక ఆ మొత్తము కొట్టివేసినాడు. అంగీకరింపనిచో 1915 అను సంఖ్యకు టెలిఫోనులో ఫిర్యాదు చేయవచ్చును.

మేము గెలిచితిమని లోలోన మురియుచుండగా, అత్తగారు పళ్లెములు తీయుచున్న తలపాగా పిల్లవానిని చూచి, "నాయనా, నీవు తింటివా?" అని యడిగిరి. "పదునొకండు గంటలు దాటిన పిమ్మటనే మామ్మగారూ" అని వాడు మెల్లగా చెప్పినాడు. అత్తగారు కొంగుముడి విప్పి నూఱు రూపాయలు వాని చేతిలో పెట్టిరి. ఆ రుసుమును గూర్చి అంతసేపు వాదించిన మాకు, వాడు తిన్నాడా యని యడుగవలెనని తోచనేలేదు.

తిరుగు రైలులో మా వారు, "అమ్మా, నీకు చల్లారిన కూడు పెట్టించితిని" అని నొచ్చుకొనిరి. అత్తగారు నవ్వి, "చల్లారినది నాకు క్రొత్తా? ఇంట దినమును తినునదే గదా!" అనిరి. వారి మాటలో నిష్ఠురము లేదు. మాకు మాత్రము ఆ రాత్రి నిదుర పట్టలేదు. బడివేళకు పిల్లలకు, మా వారికి పెట్టి, ఇల్లు సర్దుకొని, పూజ ముగించి, మధ్యాహ్నము ఒంటిగంటకు మేమిద్దఱము అడుగుబొడుగు తినుట మా యింటి వాడుక. పరుల పాత్ర క్రింద ఆఱిన మంటను కనిపెట్టినవారము, పదునాలుగేండ్లుగా మా వంటయింటిలో ఆమె పళ్లెము చల్లాఱుటను చూడలేదు.

తరువాతి ఆదివారమున తొలిపీట అత్తగారికే వేసితిమి. మా వారు నెయ్యి వడ్డించిరి. అమ్మాయి చారు పోసినది. అబ్బాయి అప్పడములు తెచ్చినాడు. అలవాటు లేక అత్తగారు రెండుమాఱులు లేవబోయిరి. మూడవమాఱు మేము వారి భుజముపై చేయివేసి కూర్చుండబెట్టితిమి. "వంకాయ ఇంకొకటి వేయవే" అని వారు నోరువిప్పి యడుగుట మేము అదే మొదట వినుట. ఇప్పుడు ఆదివారమున అత్తగారిది తొలిపీట. మిగిలిన దినములలో పిల్లలు బడికి పోవకముందే వారికి వేడియన్నము.

మీ యింట కడపటి పళ్లెము ఎవరిదో, అది యెంత చల్లాఱిన పిదప తినబడుచున్నదో ఈ మాసమున ఒకమాఱు గమనించి మాకు వ్రాయుడు.