నూనె తెట్టు కింద రోటే పల్లెలు

ఇండొనేసియాలో జనావాసం ఉన్న ద్వీపాల్లో దక్షిణపు కొసన ఉన్నది రోటే. దాని తరవాత సైనికులు కాపలా కాసే చిన్న దీవి ఎన్‌దానా, ఆపైన తిమోర్ సముద్రం, దానికి ఆవల ఆస్ట్రేలియా. తిమోర్‌లోని కుపాంగ్ నుంచి ఫెర్రీ ఎక్కితే కొన్ని గంటల ప్రయాణం. పడమటి గాలులు ముదిరే డిసెంబరు-మార్చి నెలల్లో ఆ ఫెర్రీ కూడా తరచూ ఆగిపోతుంది. అప్పుడు పెద్దాసుపత్రికి పోవాల్సిన రోగి కూడా గాలి తగ్గేదాకా ఒడ్డున కూర్చోవాల్సిందే. సుమారు లక్షన్నర జనాభా ఉన్న ఈ ద్వీపం 2002లో సొంత జిల్లా అయింది.

ఏడాదిలో వాన నాలుగు నెలలే, మిగతా కాలమంతా ఎండ. పలచని మట్టి, అడుగున సున్నపురాయి. ఇలాంటి చోట మనుషులు తరతరాలుగా ఎలా బతికారంటే, తెలుగువాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు: తాటిచెట్టు. మన తాడికి దాయాది అయిన ఆ చెట్టును వాళ్లు లొంతార్ అంటారు. జావా భాషలో రోన్ అంటే ఆకు. తాల్ అంటే మన తాళమే. ఆ రెండూ కలిసి, అక్షరాలు తారుమారై లొంతార్ అయింది. ఎండాకాలమంతా గీసేవాడు పొద్దునా సాయంత్రం చెట్టెక్కి, తాటాకుతో అల్లిన దొన్నెలో నీరా దించుకుంటాడు. ఇంటి ఆడవాళ్లు దాన్ని పొయ్యి మీద కాచి పాకం చేస్తారు. ఆ పాకాన్ని నీళ్లలో కలుపుకుని తాగితే చాలా ఇళ్లలో అదే ఒక పూట భోజనం. ఇంకా కాస్తే బెల్లం, పులిస్తే కల్లు, బట్టీ పెడితే సోపి అనే సారా. తలమీది టోపీ, ససాందో అనే తంత్రీవాద్యానికి వెనక డొప్ప, రెండూ ఆ ఆకుతోనే. మానవశాస్త్రవేత్త జేమ్స్ ఫాక్స్ ఈ ద్వీపం మీదా, పక్కనున్న సావు మీదా 1977లో ఒక పుస్తకమే రాశాడు. చుట్టుపక్కల పెద్ద ద్వీపాలు అడవి నరికి, కాల్చి, పోడు చేసి నేలను పోగొట్టుకుంటుంటే, తాటిచెట్టును నమ్ముకున్న ఈ రెండు చిన్న ద్వీపాలు అంతకంటే ఎక్కువ మందికి కడుపు నింపాయన్నది ఆయన వాదన.

కానీ చెట్టు కడుపు నింపుతుందే తప్ప చేతిలో నగదు పెట్టదు. పిల్లల చదువుకు, సిమెంటు ఇంటికి, మోటారు సైకిలుకు డబ్బు కావాలి. ఆ డబ్బు 1990ల చివర, 2000ల మొదట్లో సముద్రపు నాచు రూపంలో వచ్చింది. ఐస్‌క్రీము నుంచి టూత్‌పేస్టు దాకా చిక్కదనం కోసం కలిపే కారాజీనన్ ఈ నాచు నుంచే తీస్తారు. పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు, సొంత పొలమూ అక్కర్లేదు. పాక నీడలో ఆడవాళ్లూ పిల్లలూ కూర్చుని జానెడు నాచు కొమ్మల్ని ఒక్కొక్కటిగా ప్లాస్టిక్ దారంతో పొడవాటి తాడుకు ముడి వేస్తారు. మగవాళ్లు పోటు తగ్గిన వేళ చూసుకుని, నడుంలోతు నీళ్లలో గుంజల మధ్య ఆ తాళ్లు కడతారు. తేలడానికి ఖాళీ నీళ్ల సీసాలు. నలభై అయిదు రోజులకు కోత. వెదురు తడికల మీద ఎండబెట్టి దళారికి తూచి ఇస్తే ఆ రోజే చేతిలో డబ్బు. ఒక తరంలో మొదటిసారి ఈ పల్లెల పిల్లలు కుపాంగ్ కాలేజీలకు వెళ్లారంటే ఆ తాళ్ల మీద పండిన పంట వల్లే.

2009 ఆగస్టు 21న, రోటేకు ఆగ్నేయంగా సుమారు 250 కిలోమీటర్ల దూరంలో, ఆస్ట్రేలియా జలాల్లో మోంటారా చమురు బావి పేలింది. థాయ్‌లాండ్ ప్రభుత్వ చమురు సంస్థకు చెందిన పీటీటీఈపీ ఆస్ట్రలేషియా దాన్ని నడిపేది. నూనె 74 రోజులు సముద్రంలోకి కారుతూనే ఉంది. తెట్టును విరగగొట్టడానికి విమానాల నుంచి రసాయనాలు చల్లారు. సెప్టెంబరులో రోటే తీరానికి ఏం వచ్చిందో రైతులు తరవాత కోర్టులో చెప్పారు: నీళ్ల మీద నూనె మెరుపు, పసుపు-బూడిద రంగులో మైనంలాంటి ముద్దలు. నాచు పాలిపోయింది, రోజుల్లో తాళ్ల నుంచి ఊడి రాలిపోయింది. మళ్లీ కట్టినా ఏళ్ల తరబడి నిలవలేదు. పిల్లల్ని బడి మాన్పించిన ఇళ్లున్నాయి. ఇల్లు మొదలుపెట్టి గోడల దగ్గర ఆపేసినవాళ్లున్నారు.

ఇక్కడ ఒక గీత గురించి చెప్పాలి. ఈ సముద్రంలో రోటే మనుషులు ఆస్ట్రేలియా అనే దేశం పుట్టకముందు నుంచే తెరచాప పడవల మీద ఆష్మోర్ దిబ్బల దాకా వెళ్లి వేటాడేవారు. తరవాత దేశాలు గీతలు గీసుకున్నాయి. 1974 ఒప్పందం సంప్రదాయ పడవలకు కొంత మేర అనుమతి ఇచ్చింది, అదీ మోటారు లేకుండా వెళ్తేనే. గీత దాటిన పడవను పట్టుకుని తగలబెట్టడం ఆస్ట్రేలియా గస్తీకి మామూలు. జాలరి దాటితే క్షణాల్లో కనిపించే ఆ గీత, నూనె దాటినప్పుడు మాత్రం ఎవరికీ కనిపించలేదు. కంపెనీ మాట ఏమిటంటే, తెట్టు ఇండొనేసియా తీరం దాకా రాలేదని. ఆస్ట్రేలియా వేసిన విచారణ సంఘం కంపెనీ నిర్వాకాన్ని గట్టిగానే తప్పుపట్టింది. అయితే రోటే తీరాన్ని పరిశీలించే పని ఎవరూ క్రమంగా చేయలేదు. 2012లో డార్విన్ కోర్టు వేసిన జరిమానా 5,10,000 డాలర్లు. అందులో నాచు రైతుకు ఒక్క పైసా లేదు. జకార్తా ప్రభుత్వం కంపెనీతో చర్చలు జరిపింది, అవి తెగలేదు.

నేను అన్నిటికంటే ఎక్కువగా తప్పుపట్టేది దీన్నే. నష్టపోయినవాడి మీదే రుజువు భారం పెట్టాం. దస్తావేజు లేని పంట, రసీదు లేని అమ్మకం, పరీక్షించని నీళ్లు. వీటితో ఒక పల్లెటూరి మనిషి అంతర్జాతీయ చమురు కంపెనీ మీద ఏం నిరూపిస్తాడు? కుపాంగ్‌కు చెందిన ఫెర్డి తనోని లాంటి వాళ్లు ఏళ్ల తరబడి తలుపులు తట్టబట్టి, విదేశీ పెట్టుబడితో లాయర్లు దొరకబట్టి 2016లో సిడ్నీలో దావా పడింది. 15,000 మందికి పైగా నాచు రైతుల తరఫున రోటే రైతు ఒకరు ముందు నిలిచారు. 2021 మార్చి 19న జస్టిస్ డేవిడ్ యేట్స్ తీర్పు చెప్పారు: నూనె ఆ తీరాలకు చేరింది, నాచు దానివల్లే పోయింది, పొరుగు దేశపు రైతుల పట్ల కూడా కంపెనీకి జాగ్రత్త బాధ్యత ఉంది. ఆయన్ను ఒప్పించిన ఆధారాల్లో పెద్దది రైతుల మాటే. వేర్వేరు పల్లెల నుంచి వచ్చి, దుభాషీ ద్వారా మాట్లాడి, ఒకే రంగు మైనం ముద్దల గురించి చెప్పినవాళ్ల మాట.

ముందు నిలిచిన రైతుకు దక్కింది సుమారు 25 కోట్ల రుపియాలు. వినడానికి పెద్ద అంకె. ఆస్ట్రేలియా డబ్బులో పాతిక వేల డాలర్లకు లోపే. మిగతావాళ్ల సంగతి 2022 నవంబరులో తేలింది. తప్పు ఒప్పుకోకుండానే 19.25 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు ఇవ్వడానికి కంపెనీ రాజీపడింది. అందులో న్యాయ ఖర్చులు, దావాకు డబ్బు పెట్టినవారి వాటా పోగా మిగిలినదే పల్లెలకు. అప్పటికి బావి పేలి 13 ఏళ్లు. ఆనాడు బడి మానేసిన పదేళ్ల పిల్ల ఇరవై మూడేళ్లది అయింది.

ఈలోగా 2021 ఏప్రిల్‌లో సెరోజా తుపాను వచ్చి మళ్లీ సాగైన తాళ్లను, గుంజలను ఊడ్చుకుపోయింది. ఒకే పంట మీద బతికే తీరానికి ప్రతి దెబ్బా మొదటి దెబ్బే. ఇదే రకం నాచును ఇప్పుడు తమిళనాడులో పెంచుతున్నారు, ఆంధ్ర తీరంలోనూ ఆ ప్రయత్నాలు నడుస్తున్నాయి. ఆ తీరానికి ఎదురుగానే కృష్ణా-గోదావరి బేసిన్ చమురు బావులున్నాయి.

రోటేకు ఇప్పుడు కావలసింది ఇంకో పథకం పేరు కాదు. బావి నడిపే కంపెనీ ఖర్చుతో, గీతకు ఇవతల కూడా, నెలనెలా నీటి పరీక్ష జరగాలి. ఫలితం గ్రామ కార్యాలయం గోడ మీద అంటించాలి. పల్లె మనుషులకే నమూనా పట్టడం నేర్పాలి. 2009 సెప్టెంబరులో వాళ్ల తాళ్లకు వందల కొద్దీ ఖాళీ సీసాలు కట్టి ఉన్నాయి. ఒక్కదాన్ని నింపి మూత బిగించి తారీఖు వెయ్యమని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.