పారేసే ముందు మాకు చూపించండి
బహ్రెయిన్‌లోని తెలుగు రిపేరు పనివాళ్ల ప్రణాళిక

బహ్రెయిన్‌లో ఏసీలు, ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేసి బతికే తెలుగువాళ్లం మేము. జగిత్యాల, సిరిసిల్ల, కడప, కోనసీమల నుంచి వచ్చాం. కొందరం గుదైబియా దుకాణాల్లో బల్ల ముందు కూర్చుంటాం, కొందరం ఎండలో మేడలెక్కి ఏసీలు విప్పుతాం. చేతిపనే మా ఆస్తి.

మేం రోజూ చూసేది చెబుతున్నాం. చల్లదనం రావట్లేదని ఒకాయన కొత్త ఏసీ పెట్టించుకుంటాడు. పాతది విప్పితే పోయింది ఒక్క కెపాసిటరే, పైమూత ఉబ్బి కనిపిస్తుంది. చార్జింగ్ ఎక్కట్లేదని పడేసిన ఫోను జాక్‌లో జేబు పీచు గట్టిపడి ఉంటుంది. సూదితో మెల్లగా లాగితే ఫోను లేచి కూర్చుంటుంది. ఇలాంటివి తుక్కులో కలిసిపోతున్నాయి, చెత్తబుట్టలో పడ్డవి అస్కర్‌లోని చెత్త దిబ్బకు చేరుతున్నాయి. చిన్న దీవి ఇది. పూడ్చడానికి నేల ఎంతని ఉంటుంది?

ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారం 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ తుక్కు పోగైంది. పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమే. ఆ తుక్కులోని లోహాల విలువ 9,100 కోట్ల డాలర్లు.

ఇంత విలువున్నా రీసైక్లింగ్ పని సవ్యంగా ఎందుకు జరగదు? రాగి, అల్యూమినియం, బోర్డుల్లోని బంగారం డబ్బు తెస్తాయి. పాత టీవీల సీసపు గాజు, రసాయనాలు కలిపిన ప్లాస్టిక్, ఏసీ గ్యాస్ వదిలించుకోవాలంటే ఎదురు డబ్బు పెట్టాలి. లాభం తీసుకుని ఖర్చు వదిలేస్తే, ఆ ఖర్చు వైరు కాల్చి రాగి తీసే కుర్రాడి ఊపిరితిత్తుల మీద పడుతుంది. ఘనాలోని అగ్బోగ్‌బ్లోషీలో, ఢిల్లీలోని సీలంపూర్‌లో జరిగింది ఇదే.

అందుకని మేం ఒట్టు పెట్టుకుంటున్నాం:

1. ముందు రిపేరు, తర్వాతే తుక్కు. బాగయ్యేదాన్ని బాగుకాదని చెప్పం.

2. వైరు కాల్చం. ఏసీ గ్యాస్‌ను గాలిలోకి వదలం, సిలిండర్‌లోకి పట్టాకే రాగి పైపు కోస్తాం.

3. ఉబ్బిన బ్యాటరీని చెత్తబుట్టలో వెయ్యం.

4. ఫోను చేతులు మారేముందు అందులోని ఫొటోలు, సీపీఆర్ (బహ్రెయిన్ గుర్తింపు) కార్డు కాపీలు పూర్తిగా తుడిచేస్తాం.

5. చచ్చిన సామాను కానుక పేరుతో ఊరికి పంపం. 2025 జనవరి 1 నుంచి బాసెల్ ఒప్పందం ప్రకారం, ఎలక్ట్రానిక్ తుక్కు ఏ రకమైనా, దిగుమతి చేసుకునే దేశం ముందుగా ఒప్పుకోనిదే సరిహద్దు దాటకూడదు. ఊరికి పంపే మా కార్టన్ డబ్బా విషయంలోనూ ఆ న్యాయాన్నే పాటిస్తాం.

6. కొత్తగా వచ్చిన తమ్ముడికి పని దాచుకోకుండా నేర్పిస్తాం.

మేం అడిగేవి మూడే. కంపెనీలు విడిభాగాలు, సర్వీసు మాన్యువల్ మాకూ అమ్మాలి. కొత్త వస్తువు ధరలోనే దాన్ని చివర్లో వదిలించుకునే ఖర్చూ కలపాలి. ఆ డబ్బు సేకరించేవాడికి, విడదీసేవాడికి కూలిగా, చేతి తొడుగుగా, మాస్కుగా అందాలి.

వస్తువును బతికించిన చేతికి, తుక్కు తూచిన చేతికంటే ఎక్కువ దక్కాలని మా నమ్మకం. ఈ కాగితాన్ని మా బల్లల ముందు అతికించుకుంటున్నాం. మాట తప్పితే, దీన్ని చూపించి మమ్మల్ని నిలదీయండి.