ఒక్కరు పడిపోతే ఇద్దరూ ఓడినట్టే

ఈ వేసవి సెలవుల్లో మా పిల్లలిద్దరూ నాలుగు రోజులు మాట్లాడుకోలేదు. ఒకే ఇంట్లో, ఒకే కంచం స్టాండ్ దగ్గర తగులుకుంటూ కూడా "అమ్మా, వాడికి చెప్పు", "అమ్మా, అక్కకి చెప్పు" అంటూ నా చేత రాయబారాలు చేయించారు. కారణం ఏమిటంటే వీడియో గేమ్‌లో జట్టు ఎలా ఆడాలన్న గొడవ. మొదట నవ్వొచ్చింది. తర్వాత విసుగొచ్చింది. ఆ బాక్స్ తీసి అటక మీద పెట్టేద్దామనుకున్నాను. కానీ వాళ్ళ గొడవ కూర్చుని విన్నాక నా నోరే మూతపడింది.

మా తమ్ముడు చదువుకునే రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి కోచింగ్‌కి వెళ్ళేవాడు. ఈ ఏరియా తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, సందు సందుకీ ఒక కోచింగ్ సెంటర్, దాని పక్కన ఒక హాస్టల్, దాని కింద ఒక కర్రీ పాయింట్. వాడికి వీటితోపాటు గంటకింత అని ఆడుకోనిచ్చే గేమ్ పార్లర్ కూడా తెలుసని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఇప్పుడు ఎల్‌బీ నగర్‌లో స్థిరపడ్డాడు, ఇద్దరు మగపిల్లలు. వాళ్ళకి కొత్త మిషన్ కొన్నాక పాత ప్లేస్టేషన్ 3 మా వాళ్ళకి ఇచ్చాడు. దాంతో వచ్చిన డిస్కుల్లో ఒకటి టెక్కెన్ ట్యాగ్ టోర్నమెంట్ 2. ఆదివారమైతే మేనల్లుళ్ళు మెట్రో ఎక్కి చైతన్యపురిలో దిగి మా ఇంటికొస్తారు. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు. ఇక హాలు మాది కాదు.

తెలియనివాళ్ళ కోసం ఆట సంగతి చెబుతాను, నాకూ మా వాడే చెప్పాడు. ఇది కొట్టుకునే ఆట. మామూలుగా ఇలాంటి వాటిల్లో ఒకరితో ఒకరు తలపడతారు. ఇందులో జట్టుకి ఇద్దరు. ఒకరు తెరమీద కొట్లాడుతుంటే రెండోవాళ్ళు బయట ఆగుతారు. బటన్ నొక్కితే వీళ్ళు బయటికి, వాళ్ళు లోపలికి. దాన్నే ట్యాగ్ అంటారు. నలుగురు పిల్లలుంటే ఒక్కొక్కరు ఒక్కో బొమ్మని ఆడించుకోవచ్చు. ఇలాంటి జోడీ ఆటలు కొత్తవేమీ కాదట. క్యాప్‌కామ్ కంపెనీ 1996లోనే ఎక్స్-మెన్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్ తెచ్చింది. నామ్‌కో వాళ్ళ మొదటి టెక్కెన్ ట్యాగ్ 1999లో పార్లర్లకి వచ్చింది. మా ఇంట్లో ఉన్న రెండోది 2012లో ఇళ్ళకి వచ్చింది.

ఇందులో రెండు నియమాలు నాకు బాగా పట్టుకున్నాయి. ఒకటి, దెబ్బలు తిన్న బొమ్మ బయటికెళ్ళి ఆగితే పోయిన ప్రాణంలో కొంత మెల్లగా తిరిగొస్తుంది. తెరమీద ఎర్రగా కనిపించే గీత అదే. అంతా రాదు, కొంతే. రెండోది, ఇద్దరిలో ఏ ఒక్కరి ప్రాణం అయిపోయినా రౌండ్ పోయినట్టే. బయట నిలబడ్డవాళ్ళు ఒక్క దెబ్బ కూడా తినకుండా నిండుగా ఉన్నా సరే, లెక్కలోకి రాదు.

ఇక గొడవ. మా చిన్నోడు తొమ్మిదో తరగతి, చేతి వేగం ఎక్కువ. మా పెద్దది ఇంటర్ రెండో సంవత్సరం, ఆట కొత్త. వీడి పద్ధతి ఏమిటంటే, "అక్కా, నువ్వు ఊరికే నించో, నేను చూసుకుంటా." మొదట దిగేదీ వీడే, చివరిదాకా ఉండేదీ వీడే. ప్రాణం గీత చిటికెడు మిగిలినా ట్యాగ్ నొక్కడు. నొక్కితే అక్క వచ్చి ఓడగొడుతుందని భయం. చివరికి వీడే పడిపోతాడు, అది నిండు ప్రాణంతో చేతులు కట్టుకుని చూస్తూ ఉంటుంది. వరుసగా మూడు ఆదివారాలు అలాగే ఓడారు. నాలుగోసారి అది కంట్రోలర్ సోఫాలో పడేసి, "నేను బొమ్మనా? నన్ను ఎందుకు కూర్చోబెట్టావు?" అంది. వాడు, "నువ్వొస్తే ఇంకా తొందరగా ఓడేవాళ్ళం" అన్నాడు. మాటలు బంద్.

తీర్పు చెప్పమని ఇద్దరూ నా దగ్గరికొచ్చారు. నేను అక్క వైపే మాట్లాడాను. "ఒరేయ్, ఇద్దరి ఆటలో ఒక్కడివే ఆడితే ఎలారా, సగం అయ్యేసరికి పిలవాలి కదా" అన్నాను. వాడు తడుముకోకుండా, "నువ్వు పోయినేడు పిలిచావా అమ్మా?" అన్నాడు.

పోయినేడు మా అత్తయ్యకి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. ఎల్‌బీ నగర్ వైపు ఒక ఆసుపత్రిలో. పొద్దున్నే ఇంట్లో టిఫిన్లు, బాక్సులు అయ్యాక క్యారియర్ పట్టుకుని చైతన్యపురిలో మెట్రో ఎక్కేదాన్ని. మధ్యలో విక్టోరియా మెమోరియల్, తర్వాత ఎల్‌బీ నగర్, చివరి స్టేషన్. మధ్యాహ్నం వచ్చి వంట, సాయంత్రం మళ్ళీ క్యారియర్. డిశ్చార్జి అయ్యాక ఇంట్లోనే ఎక్సర్‌సైజులు, మందులు, రాత్రి బాత్రూంకి లేపడం. మా వారు "నేనేమైనా చేయనా" అని రోజూ అడిగారు. నేను రోజూ "ఏం వద్దులెండి, మీకు ఆఫీసుంది" అన్నాను. అమ్మాయి "నేను నానమ్మ దగ్గర పడుకుంటా" అంటే "నీకు చదువుంది" అన్నాను. నాలుగో వారంలో ఒకరోజు స్టవ్ దగ్గర కళ్ళు తిరిగి పడ్డాను. బీపీ పడిపోయిందన్నారు. అదృష్టం, స్టవ్ ఆపి ఉంది. ఆ వారం ఏమైందో చెప్పనా? మా వారు సెలవు పెట్టారు. అమ్మాయి పరీక్ష ఒకటి పోయింది. అత్తయ్య ఎక్సర్‌సైజులు ఆగి మోకాలు బిగుసుకుంది. ఎవరి జోలికి వెళ్ళకూడదని నేను అంత కష్టపడ్డానో, వాళ్ళందరికీ ఒకేసారి దెబ్బ తగిలింది. ముగ్గురూ నిండు ప్రాణంతో బయట నిలబడి ఉన్నారు. రౌండ్ మాత్రం పోయింది.

అందుకే నా అభిప్రాయం చెబుతున్నాను. జట్టు పద్ధతి ఎంచుకునేటప్పుడు మనలో ఎవరు గట్టివాళ్ళు అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. ఎప్పుడు మారాలి, ఎవరు పిలవాలి అన్నది ముందు తేలాలి. గట్టివాళ్ళని నమ్ముకున్న జట్టు ఆ గట్టివాళ్ళు అలిసేదాకా బాగానే కనిపిస్తుంది. అలిసిన రోజు చూసుకుంటే రెండోవాళ్ళకి అలవాటే ఉండదు.

చిన్నోడి వాదనలో నిజం లేకపోలేదు. కొత్తవాళ్ళు వస్తే రెండు దెబ్బలు ఎక్కువే తింటారు. కానీ వాడు అక్కని ఎప్పుడు పిలుస్తున్నాడు? అసలు పిలవడం లేదు. పిలిచినా తన గీత అడుగంటాకే పిలుస్తాడు. అప్పుడు అది వచ్చి ఒక్క తప్పు చేసినా "చూశావా" అంటాడు. అదే మొదట్లో, ఇద్దరి ప్రాణం నిండుగా ఉన్నప్పుడు పంపిస్తే? నాలుగు తప్పులు చేసినా ఆట మిగిలే ఉంటుంది, నేర్చుకునే వీలుంటుంది. ఇంట్లోనూ అంతే. మా వారికి అన్నం వండటం నేను జ్వరంతో పడుకున్న రోజు నేర్పితే ఎలా వస్తుంది? నేను బాగున్న రోజు నేర్పాలి.

ఒంటరిగా ఆడేవాళ్ళని తక్కువ చేయడం లేదు. ఇదే ఆటలో ఒక్కరే దిగి ఇద్దరితో పోరాడే పద్ధతి కూడా ఉంది. రయట్ కంపెనీ 2025లో కంప్యూటర్లకి తెచ్చిన టూఎక్స్‌కేఓ అనే జోడీ ఆటలో అయితే జట్టు ఎలా ఆడాలో ముందే ఎంచుకోమంటారట. ఆ పద్ధతుల్లో జగ్గర్నాట్ అనేది ఒకటి, ఒక్కరే అన్నీ మోయడం. మా అత్తయ్యది ఆ పద్ధతే. "మా రోజుల్లో ఏడుగురికి ఒక్కదాన్నే వండాను" అంటుంది. నిజమే, వండింది. ఆ మోకాళ్ళే సాక్ష్యం. పిలవడానికి ఎవరూ లేక ఒంటరిగా నెట్టుకొచ్చినవాళ్ళకి దండం పెడతాను. మనిషి పక్కన ఉండి, "నేను రానా" అని అడుగుతుంటే కూడా ఒంటరిగా ఆడటం వేరు. అది త్యాగం అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అందులో కాస్త అహం కూడా ఉంది. నాలాగా ఎవరూ చేయలేరన్న అహం.

మన అమలాపురం అబ్బాయి సాత్విక్ సాయిరాజ్‌నే చూడండి. 2023లో ఆసియా క్రీడల బ్యాడ్మింటన్ డబుల్స్‌లో చిరాగ్ శెట్టితో కలిసి స్వర్ణం తెచ్చాడు. సాత్విక్ వెనకనుంచి బలంగా కొడతాడు, చిరాగ్ ఎక్కువగా నెట్ దగ్గర చూసుకుంటాడు. స్మాష్ బలం సాత్విక్‌దే కదా అని ప్రతి షటిల్‌కీ అతనే పరిగెత్తితే ఆ పతకం వచ్చేదా?

అయితే ఆటకీ ఇంటికీ ఒక తేడా ఉంది, అది నాకు ఈ మధ్యే తెలిసింది. ఆటలో బయటికి వెళ్ళిన బొమ్మ నోరు మూసుకుని ఆగుతుంది, అందుకే దాని ప్రాణం తిరిగొస్తుంది. నేనలా కాదు. ఇప్పుడు మంగళ, శుక్రవారాలు రాత్రి వంట మా వారిది. మొదటి రెండు వారాలు నేను వంటింటి గడప దగ్గరే నిలబడ్డాను. "ఆ గిన్నె కాదు", "పోపు మాడుతోంది", "ఉప్పు వేశారా?" ఆయన గరిటె పక్కన పెట్టి, "నువ్వే వచ్చేయరాదూ" అన్నారు. ఆయనకీ సంతోషం లేదు, నాకూ విశ్రాంతి లేదు. ట్యాగ్ నొక్కి కూడా తెరమీదే నిలబడితే ఎలా?

పిల్లలకి నేను చెప్పిన తీర్పు ఇది. గీత సగానికి రాగానే మారాలి, ఎవరు గెలుస్తున్నా సరే. మొదట దిగేది అక్క. లోపల ఉన్నవాళ్ళు ఆడుతుంటే బయటవాళ్ళు "అది నొక్కు, ఇది నొక్కు" అని అరవకూడదు. చివరి నియమం మా అమ్మాయి పెట్టింది, ఓడాక "నీవల్లే" అనకూడదు, "మనం" అనాలి. చిన్నోడు మొహం చిట్లించాడు కానీ ఒప్పుకున్నాడు.

పోయిన ఆదివారం మళ్ళీ ఓడారు, ఐదింట మూడు. కానీ అంతకుముందు మూడు వారాల్లో ఒక్క రౌండ్ గెలవనివాళ్ళు రెండు గెలిచారు, అందులో ఒకటి అక్క చేతిలో. మేనల్లుళ్ళని మెట్రో దాకా దింపి వస్తూ ఇద్దరూ తప్పెక్కడ జరిగిందో దారంతా మాట్లాడుకున్నారు. నాలుగు రోజులు నన్ను రాయబారిగా వాడుకున్నవాళ్ళు నా వైపు కూడా చూడలేదు. నాకదే చాలు.

నిన్న శుక్రవారం మా వారు పప్పుచారు పెట్టారు. ఉప్పు తక్కువైంది. నేను హాల్లోనే కూర్చున్నాను. అత్తయ్య నా వైపు చూసింది, నేను అత్తయ్య వైపు చూశాను. ఇద్దరం కొంచెం ఉప్పు కలుపుకుని తిన్నాం. ఏమీ అనలేదు.

మీ ఇంట్లో ఎవరి గీత ఎంత ఉందో ఒకసారి చూసుకోండి. ముఖ్యంగా "నాకేం ఫర్వాలేదు" అని రోజూ అనేవాళ్ళది.