మాత్రలతో ప్రాయశ్చిత్తము

గంగలో మునిగినచో బ్రహ్మహత్యాపాతకము సైతము తొలగునని నమ్మిన బుద్ధియే నేడు మందుల దుకాణమున నిలిచి, దినమునకొక పెట్టె సిగరెట్లు కాల్చుచునే, ఒక విటమిను మాత్ర మ్రింగినంతమాత్రమున ఊపిరితిత్తులు శుభ్రపడునని విశ్వసించుచున్నది. ప్రాయశ్చిత్తము చేసికొన్నవాడు ఆ పాపమును మరల చేయనని సంకల్పించుకొనవలెనని మనుస్మృతి యైనను నియమించినది. మాత్రల మతమునకు ఆపాటి నియమమును లేదు.

ఈ నమ్మకము శూన్యమునుండి పుట్టినది కాదు. సిగరెట్టు పొగ ఊపిరితిత్తుల కణజాలమును ఆక్సీకరించి గాయపరచుననియు, పొగత్రాగువారి రక్తమున సి విటమిను తరిగియుండుననియు వైద్యులెరుగుదురు. కాయగూరలు, పండ్లు విరివిగా తినువారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తక్కువగా కనబడుటయు సత్యమే. అయితే అట్టివారు పొగ తక్కువగా త్రాగుచుండవచ్చును, ఇతర విధముల ఆరోగ్యమును కాపాడుకొనుచుండవచ్చును. ఆ మేలునంతయు క్యారెట్టులోని బీటా కెరోటినునకే కట్టబెట్టుట తర్కము కాదు, తొందరపాటు. (క్యారెట్టు తినవలదని నా భావము కాదు, దానిని సీసాలో బంధించి అమ్మువారితోనే నా తగవు.)

ఈ సంగతి తేల్చుటకై ఫిన్లాండు దేశమున పరిశోధకులు 1985లో ఒక పరీక్షను ఆరంభించి, 50 మొదలు 69 ఏండ్ల వయస్సుగల 29,133 మంది పొగత్రాగు పురుషులను చేరదీసి, కొందరికి దినమునకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటినును, కొందరికి ఇ విటమినును, కొందరికి రెంటిని, కొందరికి ఏ గుణమును లేని ఉత్తుత్తి మాత్రను, ఎవరికేది అందుచున్నదో వారికిగాని వైద్యులకుగాని తెలియనీయక, 5 మొదలు 8 సంవత్సరములు ఇచ్చి చూచిరి. 1994లో వెలువడిన ఫలితము పరిశోధకులనే నివ్వెరపరచినది. బీటా కెరోటిను మ్రింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు 18 శాతము హెచ్చినది. ఇ విటమిను దానిని తగ్గించినది లేదు. ఇది కాకతాళీయమేమోనని శంకించినవారికి అమెరికానుండి సమాధానము వచ్చినది. పొగత్రాగువారు, మానినవారు, ఆస్‌బెస్టాసు పనివారు కలిసి 18,314 మందిపై అచ్చట జరిపిన పరీక్షలో, బీటా కెరోటినుతోపాటు ఎ విటమినును సేవించినవారికి ఈ క్యాన్సరు 28 శాతము, మరణములు 17 శాతము అధికముగా కానవచ్చుటచే, 1996 జనవరిలో, గడువునకు 21 మాసములు ముందుగనే ఆ మాత్రలను నిలిపివేసిరి.

రక్షకమేల భక్షకమైనది? పొగతో నిండిన ఊపిరితిత్తులలో అధిక మోతాదున చేరిన బీటా కెరోటిను తానే ఆక్సీకరణమునకు లోనై హానికర పదార్థములుగా మారునని కొందరి అభిప్రాయము. 2014లో స్వీడను పరిశోధకులు, అప్పటికే ఊపిరితిత్తులలో కంతులు మొలచిన చిట్టెలుకలకు ఇ విటమినును మేపగా, ఆ కంతులు మరింత వేగముగా పెరిగినవి. విటమిను కాపాడినది క్యాన్సరు కణములను!

మాత్రలను విడిచి పొగ మానుట మాటకు వచ్చినచో, బ్రిటనులో 1951 మొదలు 50 సంవత్సరములు వైద్యులనే గమనించి, 2004లో ప్రకటించిన లెక్క వేరొకటి కలదు. సిగరెట్టును 60వ ఏట మానినవానికి సుమారు 3, 50వ ఏట మానినవానికి 6, 40వ ఏట మానినవానికి 9, 30వ ఏట మానినవానికి 10 సంవత్సరముల ఆయుర్దాయము దక్కినది.