రెండు టిక్కెట్లు

న్యూజెర్సీలో మా తమ్ముడికి ఉద్యోగం పోయి మూడు నెలలైంది. వాడి కొడుక్కేమో కూపర్స్‌టౌన్‌లో 1939లో తెరిచిన బేస్‌బాల్ మ్యూజియం చూడాలని పంతం. చుట్టపుచూపుగా వెళ్ళిన నాకు పద్దు వేసే పని పడింది. వేసవిలో పిల్లల పోటీల మూలంగా అక్కడ గది అద్దెలు మండిపోతాయి సుమండీ! అందుచేత ఇవతల ఒనియాంటాలో ఒక రాత్రి బస, భోజనానికి మరదలి పులిహోర. అయినా తడిసి మోపెడైంది.

"ఒరే, డబుల్‌డే 1839లో ఈ ఆటను అక్కడ పుట్టించాడన్నది ఉత్త కట్టుకథరా" అన్నాను, ప్రయాణం ఆపుదామని. (స్థలపురాణం లేని క్షేత్రం ఏ దేశంలో ఉంది లెండి!)

"తెలుసు పెదనాన్నా. బేబ్ రూత్ ఫలకం నిజమేగా? టిక్కెట్టు నాకొక్కడికే కొనండి. మీరంతా ఒట్సీగో సరస్సు చూడండి, దానికి డబ్బక్కర్లేదు" అన్నాడు.

తమ్ముడు కిటికీవైపు తిరిగాడు.

పద్దులో రెండు టిక్కెట్లు రాశాను, వాడికీ వాళ్ళ నాన్నకీ.