ఛాతీలోంచి తీసిన డీఫిబ్రిలేటర్ ఎవరిది?

ఎథిక్స్ పేపర్‌కు సిద్ధమయ్యే మనలో దాదాపు ప్రతి ఒక్కరూ అవయవదానం మీద ఒక్క సమాధానమైనా రాసి ఉంటారు. 1994 చట్టం, 2011 సవరణ, బ్రెయిన్ డెత్, కుటుంబ సమ్మతి... పాయింట్లన్నీ నోటికి వచ్చేస్తాయి. దాని పక్కనే ఉండి కూడా మన నోట్సులో కనిపించని ప్రశ్న ఒకటి ఉంది. చనిపోయిన మనిషి ఛాతీలో ఇంకా కొన్నేళ్లు పనిచేయగల డీఫిబ్రిలేటర్ ఉంటే దాన్ని తీయాలా? తీస్తే అది ఎవరిది?

నా అభిప్రాయం ముందే చెబుతాను. తీయాలి. దాన్ని నేరుగా చెత్తబుట్టలో వేయకూడదు. అలాగని ఇప్పుడున్న పద్ధతిలోనే ఇంకొకరికి అమర్చేయమనీ అనను. ఈ రెండింటికీ మధ్య ఒక నియమావళి కావాలి. ఎలాంటిదో చూద్దాం.

పరికరం గురించి నాలుగు మాటలు

దీని పూర్తి పేరు ఇంప్లాంటబుల్ కార్డియోవర్టర్ డీఫిబ్రిలేటర్, క్లుప్తంగా ఐసీడీ. సాధారణంగా ఎడమ కాలర్ ఎముక కింద, చర్మం లోపల ఒక చిన్న లోహపు పెట్టెను అమరుస్తారు. అక్కడి నుంచి లీడ్ అనే తీగ సిర గుండా గుండె కుడి జఠరికలోకి వెళ్తుంది. పేస్‌మేకర్ ప్రధాన పని నెమ్మదించిన గుండెను నడిపించడం. ఐసీడీ ప్రధాన పని అదుపు తప్పి ప్రాణం తీయబోయే లయను షాక్‌తో ఆపడం. ఇంజినీరింగ్ చదివినవాడిగా నన్ను ఆకట్టుకున్నది దాని సర్క్యూట్. సుమారు 3 వోల్టుల బ్యాటరీ కొన్ని సెకన్లలోనే కెపాసిటర్‌ను 700 వోల్టుల పైకి చార్జ్ చేసి, 35 నుంచి 40 జౌళ్ల షాక్ ఇస్తుంది. మిషెల్ మిరోవ్‌స్కీ బృందం రూపొందించిన ఈ పరికరాన్ని 1980 ఫిబ్రవరిలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో తొలిసారి మనిషికి అమర్చారు.

తీయడం అంటే ఏమిటి?

బతికున్న మనిషి నుంచి తీయడం వేరు, చనిపోయాక తీయడం వేరు. బ్యాటరీ అయిపోతే పెట్టె ఒక్కటి మారిస్తే చాలు, అది చిన్న ఆపరేషనే. ఇన్‌ఫెక్షన్ వస్తే మాత్రం పెట్టెతో పాటు లీడ్‌ను కూడా తీయాల్సి వస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ లీడ్ చుట్టూ మచ్చ కణజాలం పెరిగి, సిర గోడకూ గుండెకూ అతుక్కుపోతుంది. లేజర్ తొడుగులతో దాన్ని విడదీస్తున్నప్పుడు సిర చిరిగితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. అందుకే గుండె శస్త్రచికిత్స బృందాన్ని సిద్ధంగా ఉంచుకుంటారు.

చనిపోయాక ఆ ప్రమాదం లేదు. లీడ్‌ను లోపలే వదిలి పెట్టెను మాత్రం తీస్తే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. ముందుగా ప్రోగ్రామర్‌తో షాక్ ఇచ్చే పనిని ఆపేయాలి. లేకపోతే లీడ్ కత్తిరించేటప్పుడు వచ్చే అలజడిని పరికరం గుండె లయగా పొరబడి, తీస్తున్నవారికే షాక్ ఇవ్వవచ్చు.

దహనం చేసే కుటుంబాల్లో దీన్ని తీయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మూసి ఉన్న బ్యాటరీ అంత వేడికి పేలుతుంది. బ్రిటన్‌లోని దహనవాటికల్లో ఇలాంటి పేలుళ్లు 1970ల నుంచే నమోదయ్యాయి. దహనం ఎక్కువగా జరిగే మన దేశంలో, చితి దగ్గర నిలబడే కొడుకుకైనా, విద్యుత్ దహనవాటికలో పనిచేసే కార్మికుడికైనా ఇది భద్రత విషయం. మరణ ధ్రువీకరణ సమయంలో 'ఛాతీలో ఏదైనా పరికరం ఉందా?' అన్న ప్రశ్న ప్రతిచోటా తప్పనిసరిగా అడగాలి.

చట్టం ఎక్కడుంది?

అవయవ మార్పిడి చట్టం మానవ అవయవాలకూ కణజాలాలకూ వర్తిస్తుంది. ఐసీడీ ఈ రెండింటిలో ఏదీ కాదు. 2017 వైద్య పరికరాల నిబంధనలు పరికరాలను ప్రమాద తీవ్రతను బట్టి ఎ, బి, సి, డి తరగతులుగా విభజించాయి. ఐసీడీ అత్యధిక ప్రమాదమున్న 'డి' తరగతిలోకి వస్తుంది. తయారీ, దిగుమతి, అమ్మకం, ఇలా శరీరంలోకి వెళ్లేదాకా సాగే ప్రయాణం మీదే ఆ నిబంధనల చూపంతా. శరీరం నుంచి బయటకు వచ్చాక ఏం చేయాలో వెతికితే 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల్లో ఒక మాట దొరుకుతుంది. 'లోహపు ఇంప్లాంట్లు' నీలం రంగు కేటగిరీలో, గాజు సీసాల పక్కన ఉంటాయి.

అంటే లక్షలు పోసి కొన్న వస్తువు శరీరంలో ఉన్నంతసేపూ ప్రాణరక్షకం, బయటికి రాగానే వ్యర్థం. రోగి డబ్బుతో కొన్నది కాబట్టి అది వారసులదే అని నా వాదన. ప్రభుత్వ పథకం సొమ్ముతో పెట్టినదైతే ప్రజలకూ అందులో వాటా ఉంది. ఎలా చూసినా, అడగకుండా పారేసే హక్కు ఆస్పత్రికి లేదు. అడగకుండా వాడుకునే హక్కు అసలే లేదు.

ఆధారాలు ఏం చెబుతున్నాయి?

ముంబైలోని హోలీ ఫ్యామిలీ ఆస్పత్రి అనుభవం మీద 2012లో ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. మూడేళ్లకు పైగా బ్యాటరీ ఆయుష్షు మిగిలిన ఐసీడీలను తిరిగి స్టెరిలైజ్ చేసి, కొనే స్తోమత లేని 81 మందికి అమర్చారు. కొందరికి రెండోసారి కూడా అవసరమవడంతో వాడిన పరికరాలు మొత్తం 106. సగానికి పైగా రోగుల్లో ఆ పరికరం ప్రమాదకరమైన లయను గుర్తించి సరైన చికిత్స ఇచ్చింది. ఇన్‌ఫెక్షన్లు రాలేదు.

2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చినది ఇంకా పెద్దది. మెక్సికో, డొమినికన్ రిపబ్లిక్, గ్వాటెమాలా, హోండురాస్‌లలో శుద్ధి చేసిన పేస్‌మేకర్లు, డీఫిబ్రిలేటర్లు పొందిన 1,051 మందిని, కెనడాలో కొత్తవి పొందిన 3,153 మందితో పోల్చారు. రెండేళ్లలో ఇన్‌ఫెక్షన్లు వరుసగా 2.0 శాతం, 1.2 శాతం. ఈ తేడా గణాంకపరంగా నిర్ధారణ కాలేదు. ఇక్కడే మనం జాగ్రత్తగా రాయాలి. 'తేడా నిర్ధారణ కాలేదు' అంటే 'తేడా లేదని తేలింది' అని అర్థం కాదు. పునర్వినియోగం పూర్తిగా సురక్షితమని ఈ అధ్యయనం నిరూపించలేదు. ఐసీడీయే లేకపోవడంతో పోలిస్తే ఈ ప్రమాదం చిన్నదని మాత్రం నమ్మకంగా అనవచ్చు.

అభ్యంతరాలను తేలిగ్గా తీసుకోవద్దు

మొదటిది, 'పేదవాడికి పాతదా?' ఇది గట్టి ప్రశ్న. పాత పరికరాల పేరు చెప్పి ప్రభుత్వం కొత్తవి కొనడం మానేస్తే, సమానత్వం పేరుతో రెండో తరగతి వైద్యం పుట్టినట్టే. అందుకే పునర్వినియోగాన్ని కాలపరిమితి ఉన్న, ప్రతి ఏటా సమీక్షించే ఏర్పాటుగానే ఒప్పుకోవాలి. స్టెంట్ల ధరలకు 2017లో పరిమితి పెట్టగలిగిన దేశం ఐసీడీల ధరల మీద కూడా దృష్టి పెట్టాలి.

రెండోది, మృతదేహ గౌరవం. ఆర్టికల్ 21లోని గౌరవం మరణానంతరం దేహానికీ వర్తిస్తుందని పరమానంద్ కటారా కేసులో 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. పోస్టుమార్టం అన్న మాటకే వణికే ఇళ్లు మనవి. దుఃఖంలో ఉన్నవాళ్ల ముందు హఠాత్తుగా ఫారం పెట్టి సంతకం అడగడం సమ్మతి అనిపించుకోదు. ఆ మాట పరికరం అమర్చే రోజునే, రోగితోనే మాట్లాడి రాసుకోవాలి.

మూడోది, అక్రమ వ్యాపారం. పాత పెట్టెను కొత్తదని బిల్లు వేసే అవకాశం ఉంది. పరికరం సీరియల్ నంబరు జాతీయ రిజిస్ట్రీలో లేనంతకాలం ఈ భయం న్యాయమైనదే.

చేయాల్సిన క్రమం

నా దృష్టిలో వరుస ఇది. మొదట, దహనానికి ముందు పరికరాన్ని ఆపి ఉచితంగా తీసే సౌకర్యం ప్రతి జిల్లా ఆస్పత్రిలో ఉండాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు. రెండు, సీరియల్ నంబర్లతో రిజిస్ట్రీ పెట్టాలి. మూడు, నీలం రంగు కేటగిరీలో పడే ముందు పరీక్షించి, బ్యాటరీ ఆయుష్షును కొలిచి, కంపెనీ వెనక్కి పిలిచిన మోడళ్లను పక్కన పెట్టే కేంద్రాలు కావాలి. పునర్వినియోగం వీటన్నింటి తర్వాతే, అదీ ఎంపిక చేసిన ప్రభుత్వ ఆస్పత్రుల్లో, ఎథిక్స్ కమిటీ పర్యవేక్షణలో జరగాలి. అవయవాలను వెయిటింగ్ లిస్టు ప్రకారం కేటాయించే జీవన్‌దాన్ మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. పరికరాలకు అలాంటి జాబితా అసాధ్యమేమీ కాదు.

సమాధానంలో 'కరుణ', 'సుపరిపాలన' అని రాసి వదిలేయకండి. ఎవరు అడగాలి, ఎప్పుడు అడగాలి, ఎక్కడ నమోదు చేయాలి అన్నది రాయండి.

సాధన ప్రశ్న (250 పదాలు): మీరు జిల్లా కలెక్టర్. ఏడాది క్రితం ఐసీడీ అమర్చిన వ్యక్తి చనిపోయాడు. కుటుంబం దాన్ని అదే ఆస్పత్రిలో ఉన్న పేద రోగికి ఇవ్వమంటోంది. ఆ రోగి భార్య కూడా ఒప్పుకుంది. నిబంధనలు స్పష్టంగా లేవని సూపరింటెండెంట్ వెనకాడుతున్నాడు. మీ ముందున్న మార్గాలేవి? ఏది ఎంచుకుంటారు, ఎందుకు?