అమ్మకం ఆగింది, ప్రశ్న మిగిలింది: ఘాజియాబాద్ సీఈఎల్ ఉదంతం ఉద్యోగ సంఘాలకు ఏం చెబుతోంది?

దిల్లీ పొరుగున ఘాజియాబాద్ జిల్లా సాహిబాబాద్‌లో ఉన్న సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ (సీఈఎల్) 1974లో స్థాపితమైన కేంద్ర ప్రభుత్వ సంస్థ. 1977లో దేశంలో తొలి సౌర ఘటాన్ని, మరుసటి ఏడాది తొలి సౌర ఫలకాన్ని తయారు చేసిన ఘనత దీనిదే. ఈ సంస్థలో నూటికి నూరు శాతం వాటాను ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీకి రూ.210 కోట్లకు విక్రయించనున్నట్లు 2021 నవంబరులో కేంద్రం ప్రకటించింది. కనీస ధరగా నిర్ణయించిన మొత్తం రూ.194 కోట్లు. పోటీలో నిలిచిన రెండో కంపెనీ ఇవ్వజూపినది రూ.190 కోట్లే.

సంస్థ విలువను తక్కువగా కట్టారంటూ ఉద్యోగుల సంఘం దిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. ఆ ఆరోపణను ప్రభుత్వం తోసిపుచ్చింది. అయితే 2022 జనవరిలో విక్రయ అంగీకార పత్రం జారీని నిలిపివేసింది. అదే ఏడాది సెప్టెంబరులో విక్రయాన్నే రద్దు చేసింది. ఎంపికైన కంపెనీ తనపై కంపెనీ లా అప్పిలేట్ ట్రిబ్యునల్‌లో ఉన్న వ్యాజ్యాన్ని వెల్లడించకపోవడమే అందుకు చూపిన కారణం. అమ్మకానికి పెట్టిన ఆ సంస్థకే 2025లో మినీరత్న హోదా లభించింది.

దీనిని ఉద్యోగుల విజయంగా చెప్పుకోవడం సహజం. కానీ చట్టం దృష్టితో చూస్తే ఒక తేడా గమనించాలి. ‘మమ్మల్ని అడగకుండా అమ్మకూడదు’ అన్న హక్కు ఏదీ ఈ ఉదంతంలో స్థిరపడలేదు. విక్రయం ఆగింది బిడ్డరు అర్హత విషయంలో తేలిన లోపం వల్ల.

ఆ హక్కు ఎందుకు లేదో 2001 డిసెంబరులో బాల్కో ఉద్యోగుల సంఘం కేసులో సుప్రీంకోర్టు వివరించింది. పెట్టుబడుల ఉపసంహరణ ఆర్థిక విధానానికి సంబంధించిన నిర్ణయమని, చట్టాన్ని ఉల్లంఘిస్తే తప్ప న్యాయస్థానాలు జోక్యం చేసుకోవని చెప్పింది. విక్రయానికి ముందు తమ వాదన వినాలని కోరే హక్కు ఉద్యోగులకు లేదని స్పష్టం చేసింది. రాజ్యాంగంలోని 311వ అధికరణం రక్షణ ఉన్న ప్రభుత్వోద్యోగి పోస్టు సైతం రద్దు కావచ్చునని గుర్తు చేసింది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. పార్లమెంటు ప్రత్యేక చట్టం ద్వారా ప్రభుత్వపరమైన సంస్థలను ఆ చట్టాన్ని సవరించకుండా విక్రయించరాదని హెచ్‌పీసీఎల్, బీపీసీఎల్ కేసులో 2003లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. కంపెనీల చట్టం కింద నమోదైన సీఈఎల్ వంటి సంస్థలకు ఆ కవచం లేదు.

వాటాల విక్రయంలో యజమానిగా ఉన్న కంపెనీ మారదు, దాని వాటాదారులు మారతారు. అందువల్ల సంస్థ చేతులు మారినప్పుడు కార్మికులకు చట్టం కల్పించిన పరిహారం సాధారణంగా ఇక్కడ వర్తించదు. ఉద్యోగం కాగితంపై కొనసాగుతుంది. పోయేది రాజ్యాంగ రక్షణ. ప్రభుత్వ సంస్థ రాజ్యాంగం దృష్టిలో ‘రాజ్యం’లో భాగం కాబట్టి 14, 16 అధికరణాల కింద దాని నిర్ణయాలను హైకోర్టులో ప్రశ్నించవచ్చు. ప్రైవేటు చేతికి వెళ్లాక ఆ దారి మూసుకుపోతుంది. ఎయిర్ ఇండియా మాజీ ఉద్యోగుల కేసులో 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. వ్యాజ్యం వేసిన నాటికి సంస్థ ప్రభుత్వానిదే అయినా, విచారణ నాటికి ప్రైవేటుపరమైతే రిట్ నిలవదని తేల్చింది. సంఘాలకు కాలం ఎంత విలువైనదో ఈ తీర్పు చెబుతోంది.

మరి సంఘ ప్రతినిధుల చేతిలో ఏమున్నాయి? మొదటిది సమాచార హక్కు చట్టం. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం రావాలి. అయితే వాణిజ్య రహస్యాలు, నిర్ణయం పూర్తికాని మంత్రివర్గ పత్రాలు అన్న మినహాయింపులు ఎదురవుతాయి. కాబట్టి సంస్థ వార్షిక నివేదికలు, భూమి రికార్డులు, చేతిలో ఉన్న ఆర్డర్ల వివరాలను ముందుగానే సేకరించి పెట్టుకోవడం మేలు. విలువ తక్కువ కట్టారని కోర్టులో చెప్పాలంటే ఆధారం ఉండాలి.

రెండోది ‘రక్షిత కార్మికుడు’ హోదా. సంస్థలోని కార్మికుల్లో ఒక శాతం మందికి, కనిష్ఠంగా ఐదుగురికి, గరిష్ఠంగా వంద మందికి ఇది లభిస్తుంది. వివాదం విచారణలో ఉన్నంతకాలం, అధికారి ముందస్తు లిఖిత అనుమతి లేకుండా వారిని తొలగించరాదు. గుర్తింపు పొందిన వారికే ఈ రక్షణ దక్కుతుంది కనుక పేర్లను సకాలంలో పంపడం సంఘం బాధ్యత.

మూడోది సంప్రదింపుల హక్కు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఒకటికి మించి సంఘాలున్న చోట 51 శాతం కార్మికుల మద్దతున్న సంఘమే యాజమాన్యంతో చర్చలు జరుపుతుంది. సమ్మెకు ముందస్తు నోటీసు ఇప్పుడు అన్ని పారిశ్రామిక సంస్థల్లోనూ తప్పనిసరి. చీలికలున్న సంఘాలకు ఇది హెచ్చరిక.

కేంద్ర మంత్రిత్వ శాఖల్లో పనిచేసేవారి మార్గం వేరు. వారి సంఘాల గుర్తింపునకు 1993 నాటి నిబంధనలు, సర్వీసు వివాదాలకు కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్, చర్చలకు 1966లో ఏర్పడిన ఉమ్మడి సంప్రదింపుల యంత్రాంగం ఉన్నాయి. సమ్మె ప్రాథమిక హక్కు కాదని 2003లో తమిళనాడు ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

తెలుగువారికి ఈ చర్చ కొత్తది కాదు. విశాఖ ఉక్కులో నూరు శాతం వాటా ఉపసంహరణకు 2021 జనవరి 27న కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. కార్మికుల ఆందోళన ఏళ్ల తరబడి సాగింది. 2025 జనవరిలో రూ.11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ వచ్చింది. అక్కడ ప్రజా ఉద్యమం ఒత్తిడి తెచ్చింది. సాహిబాబాద్‌లో లావాదేవీపై కోర్టులో పడిన పరిశీలన ప్రధానమైంది.

విధానాన్ని కోర్టులు సాధారణంగా మార్చవు. ఆ విధానం అమలులో నిబంధనలు పాటించారా లేదా అన్నది మాత్రం పరిశీలిస్తాయి. ఉద్యోగ సంఘాలకు దక్కిన అవకాశం ఆ మేరకే. దానిని వినియోగించుకోవాలంటే వాటాలు చేతులు మారేలోపే తలుపు తట్టాలి.